తాళం ఎవరిది?

(మన సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, ఏదైనా సాంకేతిక విషయం మీద మాట్లాడమన్నారు. "తాళాల మీద మాట్లాడతాను" అన్నాను. "భజన తాళాలా?" అని అడిగారు. "కాదండీ, తలుపుకి వేసేవి. చెవి లేకుండా వాటిని తీయడం గురించి" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "సరే, పిల్లలు కూడా వస్తారు, కాస్త చూసి మాట్లాడండి" అన్నారు. చూసే మాట్లాడతాను.

నేను మెకానికల్ ఇంజనీరుని. హైదరాబాద్ బాలానగర్‌లో యంత్రాల విడిభాగాలు చేసే ఒక కర్మాగారంలో ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తున్నాను. డ్రాయింగులో ఉన్న కొలతకీ, మిషను మీంచి దిగిన ముక్క కొలతకీ మధ్య తేడా ఎంతవరకు ఒప్పుకోవచ్చో చూడడం నా పని. దాన్నే టాలరెన్స్ అంటాం. ఆదివారం సాయంత్రాలు మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఓ పదిమంది తాళాలు ముందేసుకుని కూర్చుంటాం. ఎక్కువమంది ఇంజనీరింగ్ చదివే పిల్లలు, ఇద్దరు రిటైరైన పెద్దమనుషులు. తాళాన్ని విప్పడం, అది ఎలా పనిచేస్తుందో చూడడం, మళ్ళీ బిగించి చెవి లేకుండా తీయడం. కొందరికి చదరంగం ఎలాగో, మాకు ఇది అలాగ.

ఇది ఎలా సాధ్యమని అడుగుతారు. ఇళ్ళ తలుపులకి ఇవాళ మనం వాడే తాళాల్లో చాలావాటికి మూలపురుషుడు ఒకటే. అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ అనే ఆయన 1861లోనూ, 1865లోనూ పేటెంట్లు తీసుకున్న పిన్ టంబ్లర్ తాళం. లోపల గుండ్రటి బిళ్ళలాంటిది ఒకటి తిరగాలి. దాన్ని తిరగనివ్వకుండా అయిదారు జతల చిన్న పిన్నులు అడ్డం నిలబడతాయి. సరైన చెవి పెడితే ప్రతి జతలోనూ రెండు పిన్నులు కలిసే చోటు సరిగ్గా ఒకే గీత మీదికి వస్తుంది. అప్పుడు తిరుగుతుంది.

కాగితం మీద ఈ తాళానికి తిరుగులేదు. కానీ కాగితం మీద రంధ్రాలన్నీ ఒకే వరసలో ఉంటాయి, డ్రిల్లు వేసినవి వెంట్రుకవాసి అటూ ఇటూ ఉంటాయి. అందుకని తిప్పబోతే అన్ని పిన్నులూ ఒక్కసారే బిగుసుకోవు. ముందు ఒకటి, దాని తర్వాత ఇంకొకటి. ఓపిక ఉంటే ఒక్కొక్కదాన్నే సర్దుకుంటూ పోవచ్చు. వారమంతా ఏ తేడాని తగ్గించడానికి జీతం తీసుకుంటానో, ఆదివారం ఆ తేడాతోనే ఆడుకుంటాను.

ఈ సంగతి తెలిసినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న మీకు ఈపాటికే వచ్చి ఉంటుంది. ఇది దొంగ చేతికి తాళాలిచ్చినట్టు కాదా?

దీనికి నా దగ్గర తయారుగా ఉన్న జవాబులు మూడు. ముందు అవి చెప్తాను.

మొదటిది మన సాహిత్యంలోంచి. దొంగలకి మన పాఠాల అవసరం ఎప్పుడూ లేదు. శూద్రకుడి మృచ్ఛకటికంలో శర్విలకుడు చారుదత్తుడి ఇంటికి కన్నం వేసే ముందు, ఏ ఆకారంలో వేస్తే బాగుంటుందో శాస్త్రప్రకారం ఆలోచిస్తాడు. కొలతాడు మర్చిపోయి, జంధ్యంతో కొలుస్తాడు. కొలత తీసుకోకుండా పని మొదలుపెట్టలేదు కాబట్టి, ఇంజనీరుగా నాకు ఆయన మీద కొంచెం గౌరవం. దండి దశకుమార చరిత్రలో అపహారవర్మ రాత్రి పనికి బయల్దేరుతూ పట్టుకెళ్ళే పనిముట్ల జాబితా ఉంది. ఆ దశకుమార చరిత్రని పదమూడో శతాబ్దంలో తెలుగు చేసి తిక్కనకి అంకితమిచ్చినవాడు కేతన. దాంతోనే ఆయనకి అభినవ దండి అని పేరొచ్చింది. కేతన పద్యాలు చదివి మన ఊళ్ళలో దొంగలు పెరిగారని ఎవరూ అనలేదు.

రెండో జవాబు లండన్‌ది. అక్కడ పికడిల్లీలో బ్రామా కంపెనీ వారు 1790లో తమ దుకాణం కిటికీలో ఒక తాళం పెట్టి, దీన్ని చెవి లేకుండా తీసినవాడికి 200 గినీలు ఇస్తామని సవాలు రాశారు. అరవై ఏళ్ళు ఎవరివల్లా కాలేదు. 1851లో పెద్ద అంతర్జాతీయ ప్రదర్శన జరిగినప్పుడు ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ వచ్చాడు. ముందు, ఎవరైనా తీయబోతే పట్టేస్తుందని పేరున్న చబ్ కంపెనీ తాళాన్ని 25 నిమిషాల్లో తీశాడు. తర్వాత బ్రామా తాళం దగ్గర కూర్చుని, పదహారు రోజుల్లో మొత్తం 51 గంటలు పనిచేసి దాన్నీ తీశాడు. దేశమంతా గగ్గోలు. ఇలాంటివి బయటికి చెప్పడం సమాజానికి చేటని కొందరన్నారు. దొంగలు తమ వృత్తిలో మనకంటే ముందున్నారు, తెలియనిది తాళం కొనే మంచివాళ్ళకే అని ఇంకొందరన్నారు. హాబ్స్ తాళాల వ్యాపారి అని కూడా చెప్పాలి. ఎదుటివాడి తాళం తీస్తే తన తాళం అమ్ముడవుతుంది. అయినా ఆ గొడవ తర్వాత తాళాలు మెరుగుపడ్డాయి.

మూడోది మన కాలానిది. 2004లో అమెరికాలో, క్రిప్టొనైట్ అనే కంపెనీ వారి ఖరీదైన సైకిల్ తాళం బాల్‌పెన్ను గొట్టంతో తెరుచుకుంటుందని ఒక సైకిలిస్టు అందరికీ చూపించాడు. కొద్దిరోజుల్లో దేశమంతా తెలిసింది. కంపెనీ తాళాలు ఉచితంగా మార్చి ఇచ్చింది. ఇదే లోపం గురించి 1992లోనే బ్రిటన్‌లో ఒక సైకిల్ పత్రికలో వచ్చింది. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. కొద్దిమందికే తెలిసినంతకాలం కదలని కంపెనీ, అందరికీ తెలిసేసరికి కదిలింది.

ఈ మూడు జవాబులూ నాకు కంఠతా వచ్చు. రెండు మూడు చోట్ల చప్పట్లు కూడా పడ్డాయి. మొన్నటిదాకా ఇవి చాలనుకున్నాను.

పోయినేడాది మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఒకరోజు హాల్లో కుర్చీలు సర్దుతూ, "సార్, ఒక్కమాట" అన్నాడు. శ్రీకాకుళం వైపు నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చినవాడు. "మీరు నేర్పేది మంచిదో చెడ్డదో నాకు తెలీదు సార్. రేపు ఏ ఫ్లాటులోనైనా ఏదైనా పోయి, తాళం మాత్రం పగలకుండా ఉందనుకోండి, ముందు నన్నే కదా పట్టుకుంటారు? ఊళ్ళకెళ్ళినవాళ్ళ చెవులన్నీ నా గదిలోనే ఉంటాయి."

హాబ్స్, యేల్, కేతన, ఎవరూ అక్కరకి రాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పాలంటే మీ అందరినీ మన బడికి తీసుకెళ్ళాలి.

మా రోజుల్లో బస్టాండు ఎదురుగా గొడుగులు, స్టవ్వులు, తాళాలు బాగుచేసే సాయిబు గారు ఒకరుండేవారు. మీలో కొందరికి గుర్తుండే ఉంటారు. సాయంత్రం బడి వదిలాక నేను అక్కడే కూర్చునేవాణ్ణి. ఎవరైనా తాళం పట్టుకొస్తే ఆయన అడిగే మొదటి మాట, "తాళం ఎవరిది?" ఎందుకు తెరుచుకోలేదు, ఎంతిస్తావు అనేవి తర్వాత. ఇంటికి రమ్మని పిలిస్తే, ఇంటివాళ్ళు ఎదురుగా ఉంటేగాని చెయ్యి పెట్టేవారు కాదు. అది ఆయన అలవాటనుకున్నాను. నాకు కావలసింది తాళం లోపలి సంగతి. అప్పటి చవక ఇనప తాళాల్లో పిన్నులు లేవు, అడ్డుగోడలే. చెవికి ఉన్న గాట్లు ఆ గోడల్ని తప్పించుకోడానికి. గోడల్ని తప్పించుకునేలా అరగదీసిన చెవి ఒకటుంటే అలాంటి తాళాలు చాలా తెరుచుకుంటాయి. సాయిబు గారు దాచకుండా చెప్పారు.

నేను పదో తరగతి చదివింది 1984-85లో. పాత చెవి ఒకటి సంపాదించి, ఆకురాయితో అరగదీశాను. మన సైన్సు ల్యాబ్ తాళం తెరుచుకుంది. ఏమీ తియ్యలేదు. అయస్కాంతాలతో, గాల్వనామీటరుతో కాసేపు ఆడుకుని తాళం వేసి వచ్చేశాను. మూడోసారికి ఒక్కడినే ఉండబుద్ధి కాలేదు. నలుగురు స్నేహితులకి చూపించాను, ఎలా పనిచేస్తుందో బొమ్మ గీసి చెప్పాను. నా జీవితంలో నేను చెప్పిన మొదటి పాఠం అదే. చాలా బాగా చెప్పానని కూడా గుర్తు. ఆ చెవి చేతులు మారింది.

సంక్రాంతి సెలవులయ్యాక ల్యాబ్ తెరిస్తే ఒక మైక్రోస్కోపు, ఇత్తడి తూనిక రాళ్ళ పెట్టె కనబడలేదు. గొళ్ళెం ఊడలేదు, తాళం పగలలేదు. చెవి ఒక్కరి దగ్గరే ఉండేది, ల్యాబ్ అటెండరు దగ్గర. మేమంతా ఆయన్ని బాబాయ్ అనేవాళ్ళం.

ఆ విచారణ నేను వరండాలోంచి విన్నాను. "తాళం తాళంగానే ఉంది. చెవి నీ దగ్గరుంది. మరి ఎలా పోతాయి?" అని అడిగారు. బాబాయ్ అన్నది ఒకటే మాట, "నేను తియ్యలేదండీ." అడిగినవారు చెడ్డవారు కాదు. ఆయనకి తెలిసినంతలో ఆ లెక్క సరైనదే. పోయినవాటి ఖరీదు బాబాయ్ జీతంలోంచి నెలనెలా కోశారు. ఆయన్ని ల్యాబ్ నుంచి తీసేసి గేటు దగ్గర వేశారు.

నేను నోరు విప్పలేదు. ఆ నలుగురూ విప్పలేదు. తీసింది మాలో ఒకరో, మాలో ఒకరు చెప్పగా విన్న ఇంకొకరో, మాకు ఏ సంబంధమూ లేనివాళ్ళో ఇవాళ్టికీ నాకు తెలియదు. హాల్ టికెట్ తెచ్చుకున్న రోజు గేటు దగ్గర బాబాయ్, "బాగా రాయి బాబూ" అన్నాడు. బాగానే రాశాను.

చాలా ఏళ్ళు నా తప్పు ఆ విద్య నలుగురికి నేర్పడమే అనుకున్నాను. ఇరవై ఏళ్ళు తాళం జోలికే పోలేదు. వాచ్‌మన్ మాట విన్న రాత్రి ఆ లెక్క మళ్ళీ మొదట్నుంచి వేసుకున్నాను.

బాబాయ్ మీద నేరం నిలబెట్టింది ఏమిటి? చెవి లేకుండా ఆ తాళం తెరుచుకోదన్న నమ్మకం. అది అరిగిన చెవికి తెరుచుకుంటుందని అయిదుగురు పిల్లలకి తెలుసు, సాయిబు గారికి తెలుసు. చెవి మోసే బాబాయ్‌కి తెలియదు, తీర్పు చెప్పేవారికి తెలియదు. ఆ సంగతి బడిలో అందరికీ తెలిసి ఉంటే, వస్తువులు పోయినా ఒక మనిషి పరువు పోయేది కాదు. తాళాన్ని అతిగా నమ్మితే ఆ నమ్మకం చివరికి చెవి పట్టుకున్నవాడి మెడకే చుట్టుకుంటుంది.

ఇది మన బడికే జరిగిన విషయం కాదు. బ్రిటన్ తపాలా సంస్థ 1999 నుంచి హొరైజన్ అనే కంప్యూటర్ లెక్కల వ్యవస్థ వాడింది. అది తప్పు లెక్కలు చూపిస్తే, కంప్యూటర్ తప్పు చెప్పదని, పోస్టాఫీసు నడిపేవాళ్ళే డబ్బు తిన్నారని కేసులు పెట్టారు. 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. కొందరు జైలుకి వెళ్ళారు, కొందరు ఆస్తులమ్ముకుని లేని బాకీ కట్టారు. ఆ శిక్షలు రద్దు చేయడానికి 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది. అక్కడా ఇదే లెక్క. వ్యవస్థలో లోపం లేదంటే, దొంగ దాని ముందు కూర్చున్నవాడే కావాలి.

కాబట్టి తాళాల లోపాలు బాహాటంగా చెప్పాలన్న నా అభిప్రాయం మారలేదు, గట్టిపడింది. కానీ ఇది నన్ను నేను వదిలించుకోడానికి చెప్తున్న మాట కాదు. నిజం తెలిసీ ఊరుకున్నది నేను. నేర్పినప్పుడు కూడా, సాయిబు గారు నాకు చెప్పినవన్నీ నలుగురికీ చెప్పి, ఆయన అన్నిటికంటే ముందు అడిగే ఆ ఒక్క ప్రశ్న వదిలేశాను. ఆ ల్యాబ్ తాళం నాది కాదు.

ఈ సరదా ఉన్నవాళ్ళు ఐరోపాలో, అమెరికాలో సంఘాలు పెట్టుకున్నారు. నెదర్లాండ్స్‌లో పుట్టిన టూల్ అనే సంఘం వారి నియమాలు రెండే. నీది కాని తాళం, దాని యజమాని అనుమతి లేకుండా ముట్టుకోకు. వాడకంలో ఉన్న తాళం మీద సాధన చెయ్యకు. మొదటిది చదివినప్పుడు నాకు సాయిబు గారే కనిపించారు. మా ఆదివారం బృందంలో ఇప్పుడు కొత్తవాళ్ళ చేతికి తాళం ఇచ్చేముందు, తాళం ఎవరిదని అడగడం నేర్పుతాం.

వీటికి నేను ఇంకో రెండు చేర్చుకున్నాను. చెవి ఎవరి దగ్గరుంటుందో, మొదటి పాఠం వాళ్ళకి. మా కమిటీ సభ్యుల్ని, వాచ్‌మన్‌ని కూర్చోబెట్టి, కార్యదర్శి గారు ఇంటి నుంచి తెచ్చిచ్చిన ఆయన సొంత తాళాన్నే వాళ్ళ ఎదుట తీశాను. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. తాళం పగలలేదన్న ఒక్క కారణంతో చెవి దాచినవాణ్ణి అనుమానించకూడదని ఆ రోజే మినిట్స్‌లో రాయించాను. ఇప్పుడు ఊళ్ళకెళ్ళేవాళ్ళు చెవిని సంతకం చేసిన సీలు కవరులో పెట్టి ఇస్తున్నారు. కవరు చిరగకుండా ఉందంటే వాచ్‌మన్‌కి అదే సాక్ష్యం.

రెండోది, సూత్రం అందరికీ చెప్పొచ్చు, చిరునామా చెప్పకూడదు. పిన్నులు ఎందుకు లొంగుతాయో ఎవరికైనా చెప్తాను. ఏ భవనంలో ఏ తాళం ఉందో చెప్పను. ఏదైనా తాళంలో కొత్త లోపం కనబడితే ముందు తయారీదారుకి రాసి, సరిచేసుకునే వ్యవధి ఇచ్చి, ఆ తర్వాతే నలుగురిలో పెడతాను. వ్యవధి దాటినా వాళ్ళు కదలకపోతే అప్పుడు చెప్పక తప్పదు.

ఇంతా చేసినా ఒక చిక్కు తీరలేదు, అది దాచను. ఖరీదైన సైకిల్ తాళానికి కంపెనీ మార్చి ఇచ్చింది. మన కిళ్ళీ కొట్టుకి వేసిన చవక తాళం ఎవరు మార్చి ఇస్తారు? లోపం బయటపెట్టినప్పుడు ముందు నష్టపోయేది, కొత్తది కొనలేనివాడు. అందుకని లోపం చెప్పిన నోటితోనే అందుబాటులో ఉన్న ఉపాయమూ చెప్పాలి. గొళ్ళెం స్క్రూలు బయటికి కనబడకుండా బిగించుకోవడం, గల్లాపెట్టెలో రాత్రి డబ్బు ఉంచకపోవడం, ఇలాంటివి. ఇది పూర్తి జవాబు కాదు. మాస్టార్లూ, మీ దగ్గర ఇంతకంటే మంచిది ఉంటే నేర్చుకుంటాను.

చివరి మాట. మొన్న సంక్రాంతికి మన ఊరు వచ్చి బాబాయ్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. బాబాయ్ పోయి చాలా ఏళ్ళయింది. వాళ్ళబ్బాయి ఉన్నారు, నా ఈడువారే. అరుగు మీద కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. చాలాసేపు ఊరుకుని, "మా నాన్న తియ్యలేదని మాకు తెలుసండీ. ఆ సంగతి మీకూ తెలుసని మాకు తెలీదు" అన్నారు.

ఏం చెయ్యమంటారని అడిగాను. డబ్బు వద్దన్నారు. "నాన్నని ఎక్కడ అన్నారో అక్కడ చెప్పండి, చాలు" అన్నారు.

అందుకే ఈ వేదిక మీదికి రావడానికి ఒప్పుకున్నాను. 1985 సంక్రాంతి సెలవుల్లో మన ల్యాబ్ తాళం బాబాయ్ దగ్గరున్న చెవితోనే తీయాల్సిన అవసరం లేదు. అది తెరిచే చెవి ఇంకొకటి ఉంది. అది చేసింది నేను. ఆయన తీశారనడానికి ఏ ఆధారమూ లేదు. సంఘం పెద్దలకి నాదొక్కటే విన్నపం. ఈ ప్రసంగంలో ఏమి తగ్గించినా ఈ నాలుగు వాక్యాలు మాత్రం సంచికలో అచ్చువేయండి. ఒక ప్రతి వాళ్ళింటికి నేనే తీసుకెళ్ళి ఇస్తాను.